ఎండలు ముదరకముందే బెల్టు సంగతి తేల్చుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనది. పాత స్పోర్ట్స్ కారులో ఆ ఎండకు ముందుగా దెబ్బతినేది రబ్బరు సామానే. మే నెలలో 45 డిగ్రీలు చూసే రామగుండం, మంచిర్యాల దారిలో మిట్టమధ్యాహ్నం ఇంజను బెల్టు తెగిందనుకోండి. దగ్గర్లో షెడ్డు దొరికినా ఆ కారుకు సరిపోయే బెల్టు దొరకదు. అందుకే ఉన్న బెల్టు ఈ వేసవి గట్టెక్కిస్తుందా, మార్చేయాలా అన్నది శివరాత్రి నాటికే తేలిపోవాలి. విదేశీ కారు సామాను ఆర్డరు పెడితే ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం కాబట్టి ఆ మాత్రం గడువు అవసరం.

ముందు ఏ బెల్టు గురించి అనుకుంటున్నామో స్పష్టంగా ఉండాలి. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను, వాటర్ పంపును, పవర్ స్టీరింగ్ పంపును, ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది డ్రైవ్ బెల్టు. వాల్వుల కదలికను పిస్టన్ల కదలికతో జత కలిపేది టైమింగ్ బెల్టు. దాని లెక్క వేరు. అది కంటికి ఎంత బాగున్నా కంపెనీ పుస్తకంలో రాసిన గడువు దాటితే మార్చి తీరాలి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. పోర్షే 944లోనూ, ఫెరారీ 348, ఎఫ్355లలోనూ ఉండేది టైమింగ్ బెల్టే. ఆ ఫెరారీలలో దాన్ని మార్చాలంటే ఇంజనునే కిందికి దించాలి. 1996 నుంచి 2004 దాకా తయారైన తొలితరం పోర్షే బాక్స్‌టర్‌లో మాత్రం టైమింగ్‌కు గొలుసులు ఉంటాయి. బయటి పనులన్నిటికీ ఒకే ఒక్క డ్రైవ్ బెల్టు. పాత యజమాని ‘బెల్టు మార్పించాను’ అంటే ఏ బెల్టు మార్పించారో బిల్లు చూసి నిర్ధారించుకోండి. ఇక్కడ చెప్పేది డ్రైవ్ బెల్టు గురించి, ఉదాహరణకు బాక్స్‌టర్‌ను తీసుకుని.

ఇలాంటి కార్ల విషయంలో మనల్ని ఎక్కువగా మోసం చేసేది మీటరు. ఆదివారం పొద్దున హనుమకొండ నుంచి రామప్ప దాకా వెళ్ళొచ్చి మళ్ళీ కవరు కప్పేసే కారు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? లక్ష కిలోమీటర్లకు మార్చాలన్న లెక్క పట్టుకుని కూర్చుంటే ఆ లక్ష ఇరవై ఏళ్ళకు కూడా రాదు. రబ్బరు ముసలిదవడానికి కిలోమీటర్లతో పని లేదు. వేడి, గాలిలోని ఓజోన్, ఇంజను నుంచి చెమర్చే నూనె షెడ్డులో నిలబెట్టిన కారులోనూ తమ పని తాము చేసుకుపోతుంటాయి. పైగా నెలల తరబడి కదలని కారులో బెల్టు పుల్లీల చుట్టూ, అంటే అది తిరిగే చిన్న చక్రాల చుట్టూ, ఒకే వంపులో బిగుసుకుపోతుంది. బాక్స్‌టర్ ఇంజను సీట్ల వెనక ఇరుకైన గదిలో ఉంటుంది కాబట్టి కారు ఆపాక కూడా ఆ వేడి చాలాసేపు అక్కడే నిలుస్తుంది.

నేను పాటించే నియమం ఒకటే. బెల్టు వేసిన తేదీకి కాగితం ఆధారం లేకపోతే దాన్ని మార్చాల్సిన బెల్టుగానే లెక్కగడతాను. ఆరేడేళ్ళు దాటినదైతే, ఎండాకాలంలో దూరప్రయాణం అనుకున్నప్పుడు, బాగున్నట్టు కనిపించినా మార్చేస్తాను. బెల్టు ఖరీదునూ, వాటర్ పంపు ఆగి ఇంజను వేడెక్కితే అయ్యే ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూడండి, తర్జనభర్జనకు చోటే ఉండదు.

తేదీ తెలిసి, వయసు కూడా తక్కువే అయితే అప్పుడు కంటితో చూసి నిర్ణయించాలి. బాక్స్‌టర్‌లో సీట్ల వెనక కార్పెట్టు తొలగించి, దాని కింద ఉన్న రేకు పలక విప్పితే బెల్టు కనిపిస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, తాళంచెవి జేబులో పెట్టుకున్నాక మాత్రమే చెయ్యి లోపల పెట్టండి. మెడలో కండువా, చేతికి కడియం ఉంటే తీసేయండి. బెల్టు లోపలి వైపు పొడవునా గట్లు, గాడులు ఉంటాయి. టార్చి వెలుగు వాలుగా పడేలా పట్టుకుంటే ఆ గట్లకు అడ్డంగా వెంట్రుకంత పగుళ్ళు బయటపడతాయి. పాతకాలపు నియోప్రీన్ రబ్బరు బెల్టుల్లో ఒక గట్టు మీద అంగుళానికి మూడు పగుళ్ళు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. గట్టులో చిన్న ముక్క ఊడినా, అంచున నూలు పోగులు బయటికొచ్చినా ఇక ఆలోచించవద్దు. నూనెకో, ఇంజనును చల్లబరిచే ద్రవమైన కూలెంటుకో తడిసి మెత్తబడిన బెల్టును తుడిచి మళ్ళీ వాడటం కూడా మంచిది కాదు. ముందు ఆ లీకు ఎక్కడిదో కనిపెట్టి ఆపించి, తర్వాత కొత్త బెల్టు వేయించాలి.

అయితే ఇప్పుడు దొరికే బెల్టులు చాలావరకు ఈపీడీఎం అనే కొత్తరకం రబ్బరువి. ఇవి తొందరగా పగుళ్ళివ్వవు, అరిగిపోతాయి. పగుళ్ళు లేవు కదా అని వదిలేస్తే ప్రమాదం ఇక్కడే ఉంది. రబ్బరు అరిగేకొద్దీ గాడి వెడల్పవుతుంది, బెల్టు పుల్లీలోకి దిగబడుతుంది, పట్టు తగ్గి జారడం మొదలవుతుంది. గాడిలో పెట్టి చూసే చిన్న ప్లాస్టిక్ గేజీలు దొరుకుతాయి. అది లేకపోతే కొత్త బెల్టును పక్కన పెట్టి గాడుల లోతు, గట్ల ఆకారం పోల్చినా తేడా తెలుస్తుంది. మన దారుల దుమ్ము ఈ అరుగుదలను తొందరపెడుతుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల పక్కన, గోదావరిఖనిలో బొగ్గు లారీల వెనక తరచూ తిరిగే కారులో సన్నటి రేణువులు గాడుల్లో చేరి రబ్బరును ఒరుస్తూనే ఉంటాయి. అలాంటి కారుకు పుస్తకంలోని గడువు కన్నా ముందే చూపించుకోవాలి.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. బెల్టు కీచుమంటుంటే, తిరుగుతున్నప్పుడు దూరం నుంచి గాడుల వైపు కొద్దిగా నీళ్ళు చిమ్మమనండి. చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవని అర్థం. నీళ్ళు పడగానే ఇంకా పెరిగితే బెల్టు జారుతోంది, బిగువు చాలడం లేదు. బెల్టు మీద కొట్టే స్ప్రేలు మాత్రం వద్దు. చప్పుడును కప్పిపెడతాయి, దుమ్మును అంటిస్తాయి, జబ్బు లోపలే ఉంటుంది.

బెల్టు విప్పిన రోజున అసలు పని పుల్లీల దగ్గర ఉంటుంది. ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడండి. నున్నగా, నిశ్శబ్దంగా తిరగాలి. ఇసుక నలిగినట్టు గరగరమంటే బేరింగు పోతున్నట్టు. వాటర్ పంపు పుల్లీని పట్టుకుని అటూ ఇటూ కదపండి, ఏమాత్రం ఊగినా, చుట్టూ కూలెంటు ఎండిన చారలు కనిపించినా పంపునూ అప్పుడే మార్పించుకోవాలి. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ స్ప్రింగు బలం తగ్గితే కొత్త బెల్టు కూడా జారుతుంది. బెల్టు ఒక్కటే మార్చి, గరగరమనే బేరింగును అలాగే వదిలేసే షెడ్డులు ఉన్నాయి. దగ్గరుండి చూసుకోవడం మంచిది.

కొనేటప్పుడు బెల్టు వీపు మీది నంబరు చదవండి. ఉదాహరణకు 6 పీకే 1835 అని ఉంటే ఆరు గట్లు, 1835 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. పొడవు కాస్త అటూఇటూ అయినా టెన్షనర్ సర్దుకుంటుందిలే అని కౌంటరులో చెప్పే మాట నమ్మవద్దు. ఏసీ ఉన్న కారుకూ లేనిదానికీ పొడవు మారవచ్చు, ఛాసిస్ నంబరు ఇచ్చి అడగడమే క్షేమం. తెచ్చిన బెల్టును మడత పెట్టకుండా, ఎండ తగలని చోట, నడుస్తున్న మోటార్లకు దూరంగా ఉంచండి.

పాతది తీసేముందు బెల్టు ఏ పుల్లీ పైనుంచి, ఏ పుల్లీ కిందినుంచి పోతుందో ఫోనులో ఫోటో తీసుకోండి. బాక్స్‌టర్ టెన్షనర్‌కు 24 సైజు పానా పడుతుంది. తిప్పి పట్టుకుని బెల్టు జార్చాక మెల్లగా వదలాలి, ఒక్కసారిగా వదిలితే వేళ్ళు నలుగుతాయి. కొత్తది ఎక్కించాక ప్రతి పుల్లీ మీదా గట్లన్నీ గాడుల్లో కూర్చున్నాయో లేదో అద్దం పెట్టి చూడండి. ఒక్క గట్టు పక్కకు జరిగినా అంచు తెగుతుంది. పది నిమిషాలు నడిపి, ఆపి, మళ్ళీ ఒకసారి చూస్తే సరిపోతుంది. తీసిన బెల్టు తెగకుండా ఉంటే డిక్కీలో ఉంచుకోండి, ఆ పానాతో సహా.

ఇంజను చల్లబరిచేది పంపు ఒక్కటే కాదు. బాక్స్‌టర్ రేడియేటర్లు ముందు చక్రాల ముందర, బంపరు సందుల్లో ఉంటాయి. చలికాలమంతా ఎనుమాముల మార్కెట్టుకు పత్తి బండ్లు నడిచే దారుల్లో తిరిగితే వాటి ముందు దూది, ఆకులు పేరుకుంటాయి. బెల్టు పని చేయించేటప్పుడే అవి కూడా శుభ్రం చేయించండి.

ఇంత చేసినా దారిలో ఎప్పుడైనా బ్యాటరీ దీపం వెలిగి, స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కితే బెల్టు పోయినట్టే. ఉష్ణోగ్రత ముల్లు పైకి లేచేదాకా చూడకండి. పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపేయండి. పంపు తిరగని ఇంజనును వచ్చే ఊరి దాకా నడిపిస్తే అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు కూలెంటు మూత తీయవద్దు. తాడు కట్టి లాగించడం కూడా వద్దు, ఇంజను ఆగాక స్టీరింగు, బ్రేకు రెండూ బరువైపోతాయి. కారును పూర్తిగా పైకి ఎక్కించుకునే చదునైన బండినే పిలవండి. పస్రా దాటి తాడ్వాయి అడవి దారిలో అన్నిచోట్లా ఫోను సిగ్నలు అందదు కాబట్టి, మేడారం వైపు బయలుదేరేముందే ఆ బండివారి నంబరు కాగితం మీద రాసి, ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.