పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్ల గజిబిజి: సమస్య - పరిష్కారం

విజయవాడ, గుంటూరుల్లో ఓ పదిహేను ఇరవై ఏళ్ల కిందట డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించిన కవితల పుస్తకమో, బడి వార్షికోత్సవ సంచికో, శుభలేఖో మీ దగ్గర సీడీలో ఉందంటే, అది పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసిందే అయ్యుండే అవకాశం ఎక్కువ. ముందు సీడీలోని ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే.

డబుల్ క్లిక్ చేస్తే ఏమీ తెరుచుకోవడం లేదు

ఫైల్ పాడైందని వెంటనే అనుకోకండి, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్లో లేదంతే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబ్ కొత్తది తేలేదు. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్ కనిపించేలా పెట్టి చూడండి: పీఎండీ అని ఉంటే పేజ్‌మేకర్ 7, పీ65 అని ఉంటే 6.5. తెలిసినవాళ్ల దగ్గర ఇన్‌డిజైన్ (అడోబ్‌దే ఇంకో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) సీఎస్6 ఉంటే అది తెరుస్తుంది, ఇప్పటి సీసీ వర్షన్లు మాత్రం తెరవవు. డబ్బు పెట్టకుండా కావాలంటే లిబ్రేఆఫీస్ డ్రా ఉంది. పేజీ అమరిక అచ్చం అలాగే రాకపోవచ్చు కానీ మేటర్ బయటికి వస్తుంది, మనకు ముఖ్యం అదే కదా. ఎక్స్‌టెన్షన్ పేరు మార్చేసి వర్డ్‌లో తెరవాలని చూడటం వల్ల ఒరిగేదేమీ లేదు.

తెరుచుకుంది, కానీ తెలుగు బదులు పిచ్చి గుర్తులు

అందరూ బెంబేలెత్తేది ఇక్కడే. నిజానికి మేటర్ భద్రంగానే ఉంది. అను లాంటి పాత ఫాంట్లు తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగా దాచవు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన నంబర్లలో తలకట్టు, కొమ్ము, ఒత్తు లాంటి ముక్కలను బొమ్మలుగా కూర్చేవి. ఏ నంబరు ఏ ముక్కో ఆ ఫాంటుకే తెలుసు. అది లేకపోతే కంప్యూటర్ ఆ నంబర్లను ఇంగ్లీషు అక్షరాలుగా, డిగ్రీ గుర్తులుగా చూపిస్తుంది. కాబట్టి చూసి ప్రింట్ తీసుకుంటే చాలు అనుకుంటే అదే ఫాంటు వేసుకోండి, పీఎండీ పక్కనే ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉందేమో ముందు వెతకండి. పాత ఫాంటుల్లో పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 రకానివి ఉంటే కొత్త ఇన్‌డిజైన్ వాటిని గుర్తించదు, 2023లో అడోబ్ ఆ సపోర్ట్ తీసేసింది. ట్రూటైప్ రకమైతే ఆ టెన్షన్ లేదు.

ఫోన్లో చదవాలి, వాట్సాప్‌లో పంపాలి అంటే యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలోకి మార్చక తప్పదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వర్షన్ ఎంచుకోమని అడిగితే ముందు ఒక పేరా మాత్రం మార్చి చూడండి, చెత్త వస్తే ఇంకో వర్షన్ ప్రయత్నించండి.

కన్వర్ట్ అయింది, కానీ మధ్యమధ్యలో తప్పులు

మేటర్ కాపీ చేసి కన్వర్టర్‌లో పేస్ట్ చేయగానే ఏ పదం ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. దాంతో రచయిత పేరు పక్కన ఇంగ్లీషులో వేసుకున్న ఎం.ఏ. డిగ్రీ కూడా అర్థంలేని తెలుగు ముక్కగా మారి కూర్చుంటుంది. ఈమెయిల్ అడ్రస్‌లదీ అదే గతి. అందుకే మార్చకముందే ఇంగ్లీషు మాటలన్నీ వేరే కాగితం మీద రాసుకుని, తర్వాత చేత్తో టైప్ చేయడం మేలు. ఒత్తులు కూడా జారతాయి, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల దగ్గర ఆగి చూడండి. సంచిక నిండా తప్పులుంటే, అచ్చయిన కాపీ ఇంట్లో ఉంటే, కన్వర్టర్‌తో కుస్తీ మానేసి 300 డీపీఐలో స్కాన్ చేసి గూగుల్ డాక్స్‌లో తెరవండి, తెలుగు ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను టైప్ చేసిన మేటర్‌గా మార్చే సదుపాయం, అందులో ఉంది. ఏ దారిన వెళ్లినా ప్రూఫ్ దిద్దడం తప్పదు.

ఫొటోలు మసకగా వస్తున్నాయి

పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను ఫైల్ లోపల పెట్టుకోకుండా బయట ఎక్కడున్నాయో గుర్తు మాత్రం పెట్టుకోగలదు. మామూలుగా 256 కేబీ దాటిన బొమ్మైతే లోపల పెట్టాలా వద్దా అని అడిగేది, ఆపరేటర్ హడావుడిలో వద్దని నొక్కి ఉంటాడు. మీకు అందింది పీఎండీ ఒక్కటే అయితే తెరమీద కనిపించేది నమూనా బొమ్మే. అసలు ఫొటోల టిఫ్ ఫైళ్లు అదే సీడీలో ఇంకో ఫోల్డర్లో ఉన్నాయేమో చూడండి. లేకపోతే అచ్చు కాపీలోని ఫొటోను స్కాన్ చేసుకోవాల్సిందే.

అదే కట్టలో పెళ్లి వీసీడీ ఉంది, డాట్ డీఏటీ ఫైల్ ప్లే కావడం లేదు

ఇది తేలిక. ఎంపెగావ్ (MPEGAV) ఫోల్డర్లో ఉండేది మామూలు ఎంపెగ్-1 వీడియోనే, వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది. 352×288 సైజే కాబట్టి పెద్ద టీవీలో బొమ్మ పగులుతుంది, దానికి మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.