పెయింటింగ్ కాంట్రాక్టులకు పెయింట్ షాపును ఎలా ఎంచుకోవాలి?

కొత్తగా కాంట్రాక్టులు మొదలుపెట్టిన కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ షాపులో ఎక్కువ తగ్గిస్తారు?" తప్పు అక్కడే మొదలవుతుంది. బకెట్ మీద వంద మిగుల్చుకుని, అదే గోడ రెండోసారి కొట్టడానికి వేలకు వేలు కూలీ పోసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అందులో నేనూ ఒకణ్ణి. విజయవాడలో ఏడెనిమిది మంది కుర్రాళ్లతో ఇళ్ల పనులు చేస్తాను, ఎక్కువగా మెటీరియల్‌తో కలిపి ఒప్పుకుంటాను. లేబర్ కాంట్రాక్టు మాత్రమే చేసేవాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు, పెయింట్ ఎలాగూ ఓనరే తెచ్చిస్తాడు.

ముందు మీరు ఎక్కువగా పని చేసే చోటికి ఐదు కిలోమీటర్ల లోపు ఉన్న షాపులు మూడు రాసుకోండి. ఐదు దాటితే వద్దు. వన్‌టౌన్ హోల్‌సేల్‌లో రేటు తక్కువే, కాదనను. కానీ మధ్యాహ్నం రెండింటికి నాలుగు లీటర్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే కోటు) తగ్గితే అక్కడికి వెళ్లొచ్చేసరికి కుర్రాళ్లు గోడకు చేరగిలబడి ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, ఆ పూట కూలీ మాత్రం మీరే ఇవ్వాలి. ఆదివారం ఒంటిగంట దాకా అయినా తెరిచి ఉంచే షాపు అయితే ఇంకా మంచిది, ఎందుకంటే పండగల ముందు మనకు ఆదివారాలు ఉండవు.

తర్వాత రేట్లు. ఒకే లిస్టు మూడు షాపులకూ ఒకే రోజు ఇవ్వండి: లప్పం 40 కిలోల బస్తాలు ఎన్ని, ప్రైమర్ 20 లీటర్ల బకెట్లు ఎన్ని, ఎమల్షన్ (గోడలకు వేసే, నీళ్లు కలిపే రంగు) ఏ రకం, ఎనామెల్ (తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఆయిల్ పెయింట్) ఎంత. జీఎస్టీతో కలిపి, ఆటో ఖర్చుతో కలిపి చెప్పమనండి. పెయింట్ మీద పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గింది 2018 జులైలో, అయినా "బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తాను" అనే మాట ఆగలేదు. బిల్లు లేని సరుకు కొనకండి. రేపు రంగు పొంగి పొరలు లేస్తే కంపెనీవాడు వచ్చి మొదట అడిగేది బిల్లు, రెండోది బకెట్ మీద బ్యాచ్ నంబరు. రేటు గురించి ఇంతకంటే చెప్పేది లేదు. మూడు షాపుల మధ్య తేడా మీరనుకున్నంత ఉండదు. 2024లో బిర్లా ఓపస్ అనే కొత్త పెయింట్ కంపెనీ కూడా దిగాక పోటీ ఇంకా పెరిగింది, అడిగితే అందరూ ఎంతోకొంత తగ్గిస్తారు.

ఇక అసలు సంగతి: రంగు కలిపే టింటింగ్ మెషీన్, దాని ముందు నిలబడే మనిషి. ఇది చూడకుండా షాపు ఖాయం చేసుకోవద్దు.

మనం షేడ్ కార్డులో చూపించే రంగు డబ్బాలో సిద్ధంగా ఉండదని మీకు తెలుసు. షాపులో ఉండేది బేస్, అంటే ఇంకా రంగు కలపని పెయింట్. కంప్యూటర్‌లో షేడ్ కోడ్, రకం, సైజు కొడితే మెషీన్ అందులోకి నలుపు, పసుపు, ఎరుపు లాంటి చిక్కటి రంగు ద్రవాలు (కలరెంట్లు) కొలిచి వదులుతుంది, తర్వాత షేకర్‌లో పెట్టి తిప్పుతారు. చూడ్డానికి ఏముంది, బటన్ నొక్కడమే. కానీ తేడా కొట్టడానికి దారులు చాలా. తెల్ల బేస్ తీయాల్సిన చోట ముదురు రంగుల బేస్ తీస్తే రంగు మారిపోతుంది. ఖరీదైన ఎమల్షన్‌లో ఉన్న కోడే చవక రకంలో కొట్టిస్తే చూడ్డానికి దగ్గరగా ఉంటుంది గానీ అదే రంగు కాదు. ఒక కంపెనీ కోడ్‌ను ఇంకో కంపెనీ మెషీన్‌లో "మ్యాచింగ్" కొట్టించడం మరీ ఘోరం, టచప్ కోసం కూడా ఆ పని చేయకండి. ఇవన్నీ ఒక ఎత్తు, ఎండిన నాజిల్ ఒక ఎత్తు. రోజుకు రెండు మూడు డబ్బాలు మాత్రమే కలిపే షాపులో కలరెంట్ నాజిల్ కొన దగ్గర గడ్డ కడుతుంది. ధారగా పడాల్సింది పక్కకి చిమ్ముతుంది, లేదా సగమే పడుతుంది. లేత ఊదా, లేత బూడిద లాంటి రంగుల్లో నలుపు పడేది చుక్కల లెక్కన. రెండు చుక్కలు తగ్గినా గోడ ఒప్పుకోదు.

నా అనుభవం చెప్తాను. ఒక ఫ్లాట్ హాలుకి రెండు బకెట్లు కావాలి. చేతిలో డబ్బు లేక ఒకటి సోమవారం, ఇంకొకటి శుక్రవారం తెచ్చాను. అదే షాపు, అదే కోడ్. పగలు కిటికీ వెలుతురులో ఏమీ తెలియలేదు. సాయంత్రం ఆ ఇంటి మేడం ట్యూబ్‌లైట్ వేసి, "ఏమండీ, సోఫా వెనకాల గోడ వేరే రంగేశారా?" అన్నారు. మూలలో రెండు గోడలు కలిసే చోట గీత గీసినట్టు కనబడుతోంది. షాపుకి వెళ్తే "మీ కుర్రాళ్లు నీళ్లు ఎక్కువ కలిపుంటారు" అన్నాడు. నీళ్ల లోటా కొలతతో పోయించేది నేనే. వాదించి ఏం లాభం, కలిపిన పెయింట్ ఏ షాపూ వెనక్కి తీసుకోదు. హాలంతా మళ్లీ ఒక కోటు వేశాను.

అందుకే పరీక్ష. మీరు ఎక్కువగా వేసే లేత రంగు ఒకటి తీసుకుని, పొద్దున షాపు తెరవగానే ఒక డబ్బా కలిపించండి. మూడు రోజులాగి సాయంత్రం పూట అదే కోడ్, అదే రకం, అదే సైజు ఇంకోటి. లీటరు డబ్బా వద్దు, నాలుగు లీటర్లది తీసుకోండి. చిన్న డబ్బాలో కలరెంట్ పడేదే కొంచెం, దాంట్లో తేడా వస్తే షాపుని తప్పు పట్టలేం. డబ్బులు దండగ అనుకోకండి, ఏ బాల్కనీకో వాడేసుకోవచ్చు. లప్పం పెట్టి ప్రైమర్ కొట్టిన పలక మీద రెండూ పక్కపక్కన, మధ్యలో సందు లేకుండా, రెండేసి కోట్లు వేయండి. తడి మీద చూసి తీర్పు చెప్పొద్దు, ఆరాక రంగు మారుతుంది. ఒక రోజంతా ఆరనిచ్చి ఎండలో ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, పలకని ఏటవాలుగా పట్టుకుని చూడండి. మధ్యలో గీత కనబడితే ఆ షాపు పేరు కొట్టేయండి, ఓనరు ఎంత మంచివాడైనా సరే.

మీరు అక్కడ నిలబడ్డప్పుడు ఇంకో రెండు చూడండి. పొద్దున మొదటి డబ్బాకి ముందు కుర్రాడు నాజిల్ తుడుస్తున్నాడా, కొంచెం కలరెంట్ వదిలి చూస్తున్నాడా? షేకర్‌లో పెట్టి నిండా సమయం తిప్పుతున్నాడా, లేక వెనకాల జనం ఉన్నారని గబగబా తీసేస్తున్నాడా? ఆ కుర్రాడు పనిమంతుడైతే వాడి ఫోన్ నంబరు తీసుకోండి. వాడు షాపు మారితే నేనూ మారాను, ఒకసారి.

షాపు ఎంత మంచిదైనా ఒక గదికి కావలసిన పెయింటంతా ఒకేరోజు, ఒకే బ్యాచ్ బేస్‌లో కలిపించండి. సైటులో పెద్ద డ్రమ్ములో అన్నీ పోసి కలిపి, మళ్లీ బకెట్లలోకి తీసుకోండి. కుర్రాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మిగతావి చిన్నవి. కలపని బేస్, సీలు తీయని ప్రైమర్ మిగిలితే వెనక్కి తీసుకుంటారా అని ముందే అడగండి. లప్పం బస్తా మీద తయారైన నెల చూసుకోండి, షాపులో నెలల తరబడి పడున్న బస్తాలో గడ్డలొస్తాయి. అరువు నెల రోజులు ఇస్తే చాలు. రెండు నెలలు ఇస్తానన్నవాడి దగ్గర జాగ్రత్త, ఆ తర్వాత వాడు ఏ రేటు వేసినా మీ నోరు పెగలదు.

బకెట్లలో వచ్చే టోకెన్ల గురించి, అంటే పెయింటర్లకు డబ్బులొచ్చేలా కంపెనీ పెట్టే కూపన్ల గురించి కూడా అడుగుతుంటారు. టోకెన్ డబ్బులు నేను కుర్రాళ్లకే వదిలేస్తాను. వాటి లెక్క చూసుకుని ఓనరుకి అక్కర్లేని ఖరీదు రకం అంటగట్టే మేస్త్రీలున్నారు, వాళ్లకి రెండో పని అదే వీధిలో దొరకదు.

చివరిగా, డబ్బా మీద షాపువాళ్లు అంటించే స్టిక్కర్ మీద కోడ్, బేస్, తేదీ ఉంటాయి. ఖాళీ డబ్బా పాత సామాన్లవాడికి వేసేముందు దాన్ని ఫోటో తీసి ఇంటి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. రెండేళ్ల తర్వాత మేకు కొట్టిన చోట టచప్ చేయాలని ఫోన్ వస్తే, "మీ చాట్‌లో పైకి వెళ్లి చూడండి మేడం" అంటే సరిపోతుంది.