స్ప్రింగ్ నేర్చుకుందాం – 7వ పాఠం: బీన్ చేతికి కంటైనర్

స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో ఆబ్జెక్టులను (బీన్లను) సృష్టించి అందించేది కంటైనర్. పోయిన పాఠంలో సింగిల్టన్ (అప్లికేషన్ అంతటికీ ఒకటే), ప్రోటోటైప్ (అడిగినప్పుడల్లా కొత్తది) స్కోపులు చూశాం. చివర్లో ఇచ్చిన అభ్యాసం చేసినవాళ్లకి ఒక వింత ఎదురై ఉంటుంది. రిపోర్టులు తయారుచేసే రిపోర్ట్‌సర్వీస్ సింగిల్టన్. దానికి కావలసిన పేజ్‌బిల్డర్ ప్రోటోటైప్, లోపల పేజీలు లెక్కపెట్టే ఒక ఫీల్డు ఉంది. మొదటి రిపోర్టు 1 నుంచి 12వ పేజీ దాకా బాగానే వచ్చింది. రెండో రిపోర్టు 13వ పేజీతో మొదలైంది.

ప్రోటోటైప్ అంటే ప్రతిసారీ కొత్తది అన్నారు కదా? నిజమే, అడిగిన ప్రతిసారీ కొత్తదే. ఇక్కడ అడిగింది మాత్రం ఒక్కసారే, రిపోర్ట్‌సర్వీస్ తయారయ్యేటప్పుడు. అప్పుడొచ్చిన పేజ్‌బిల్డరే అప్లికేషన్ ఆగేదాకా ఆ ఫీల్డులో ఉండిపోతుంది. ఇద్దరు ఒకేసారి రిపోర్టు అడిగితే పేజీలు కలగాపులగం కూడా అవుతాయి. అవసరమైనప్పుడల్లా కొత్తది అడగాలంటే బీన్‌కి కంటైనర్ అందుబాటులో ఉండాలి.

అవేర్ ఇంటర్‌ఫేస్

పాత కోడులో ఎక్కువగా కనబడేది ఇది. క్లాసు అప్లికేషన్‌కాంటెక్స్ట్‌అవేర్‌ని ఇంప్లిమెంట్ చేస్తుంది. అందులో ఉన్నది ఒకటే మెథడ్, సెట్‌అప్లికేషన్‌కాంటెక్స్ట్. కంటైనర్ తనంతట తాను దాన్ని పిలిచి కాంటెక్స్టును (అంటే తననే) ఇస్తుంది. మీరు ఫీల్డులో దాచుకుని, రిపోర్టు తయారుచేసే మెథడ్ లోపల గెట్‌బీన్ పిలిచి పేజ్‌బిల్డర్‌ని తీసుకుంటారు. ఫీల్డులో కాదు, లోకల్ వేరియబుల్లో పెట్టుకోవాలి. ఫీల్డులో పెడితే కథ మొదటికొస్తుంది.

ఈ మెథడ్‌ని కంటైనర్ ఎప్పుడు పిలుస్తుందో తెలియకపోతే దెబ్బ తింటాం. వరుస ఇలా ఉంటుంది: ముందు కన్‌స్ట్రక్టర్, తర్వాత ఆటోవైర్డ్ (కంటైనర్ నింపే) ఫీల్డులు, సెట్టర్లు. ఆపైన బీన్‌నేమ్‌అవేర్, బీన్‌ఫ్యాక్టరీఅవేర్, వాటి తర్వాత అప్లికేషన్‌కాంటెక్స్ట్‌అవేర్. అన్నీ అయ్యాకే పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ (బీన్ సిద్ధమయ్యేటప్పుడు నడిచే మీ మెథడ్). అంటే కన్‌స్ట్రక్టర్ నడిచేటప్పటికి కాంటెక్స్ట్ ఫీల్డు ఇంకా నల్. అక్కడ గెట్‌బీన్ పిలిస్తే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ ఖాయం. మీరే న్యూ అని రాసి సృష్టించిన ఆబ్జెక్టుకి ఈ పిలుపు అసలు రాదు, అది కంటైనర్ లెక్కలో లేదు కాబట్టి. కాంటెక్స్ట్ నల్ అని ఎవరైనా మొత్తుకుంటుంటే ముందు చూడాల్సినవి ఈ రెండే.

కన్‌స్ట్రక్టర్‌లోనే కాంటెక్స్ట్ కావాలంటే అవేర్ ఇంటర్‌ఫేస్ తీసేసి, అప్లికేషన్‌కాంటెక్స్ట్‌ని కన్‌స్ట్రక్టర్ పారామీటర్‌గా రాయండి. మామూలు బీన్ ఇచ్చినట్టే ఇస్తుంది. స్ప్రింగ్ 4.3 నుంచి క్లాసుకి ఒకే కన్‌స్ట్రక్టర్ ఉంటే @ఆటోవైర్డ్ కూడా అక్కర్లేదు. ఫీల్డును ఫైనల్ చేసుకోవచ్చు, అది అదనపు లాభం.

అడిగేది ఒక్కటైతే తాళాలగుత్తి ఎందుకు?

కాంటెక్స్ట్ చేతిలో ఉన్న క్లాసు ఏ బీన్‌నైనా తెచ్చుకోగలదు. దానికి నిజంగా ఏం కావాలో కన్‌స్ట్రక్టర్ చూసి చెప్పలేం, కోడంతా చదవాల్సిందే. మన రిపోర్ట్‌సర్వీస్‌కి కావలసింది పేజ్‌బిల్డర్ ఒక్కటే. అలాంటప్పుడు ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ వాడండి (ఇదీ 4.3లోనే వచ్చింది). కన్‌స్ట్రక్టర్‌లో పేజ్‌బిల్డర్ టైపుకి ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ తీసుకుని, ప్రతి రిపోర్టుకీ గెట్‌ఆబ్జెక్ట్ పిలవండి. ప్రతి రిపోర్టూ మళ్లీ 1వ పేజీతోనే మొదలవుతుంది. బీన్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు అనుకుంటే గెట్‌ఇఫ్‌అవైలబుల్ ఉంది, లేకపోతే నల్ ఇస్తుంది.

ఒక్క మెలిక. పేజ్‌బిల్డర్‌ని నేరుగా ఇంజెక్ట్ చేస్తే, అది లేనప్పుడు అప్లికేషన్ మొదలవ్వకుండానే ఆగిపోతుంది. గెట్‌బీన్‌కైనా ప్రొవైడర్‌కైనా ఆ తప్పు మొదటి పిలుపు దాకా బయటపడదు. అందుకే ఆ దారిని తొక్కే టెస్టు ఒకటి తప్పక రాయండి.

ఒక మెథడ్ మీద @లుకప్ అని రాయడం మరో మార్గం. కంటైనర్ మీ క్లాసుకి సబ్‌క్లాసు పుట్టించి ఆ మెథడ్‌ని నింపుతుంది. క్లాసుగానీ మెథడ్‌గానీ ఫైనల్ కాకూడదు. @బీన్ మెథడ్ నుంచి వచ్చిన ఆబ్జెక్టులకు పనిచేయదు, వాటిని సృష్టించేది కంటైనర్ కాదు, మీ కోడే.

పేరును బట్టి బీన్ ఎంచుకోవడానికి, అంటే పీడీఎఫ్ కావాలా సీఎస్‌వీ కావాలా అని తేల్చడానికి కాంటెక్స్ట్ అక్కర్లేదు. స్ట్రింగ్ కీలతో, ఎక్స్‌పోర్టర్ (పీడీఎఫ్, సీఎస్‌వీ క్లాసుల ఉమ్మడి ఇంటర్‌ఫేస్) టైపు విలువలున్న మ్యాప్‌ని పారామీటర్‌గా పెడితే, బీన్ పేర్లే కీలుగా స్ప్రింగ్ నింపి ఇస్తుంది. బయటి నుంచి వచ్చిన పేరును నేరుగా గెట్‌బీన్‌కి ఇచ్చేకంటే ఇది ఎంతో భద్రం.

స్టాటిక్ ఫీల్డు జోలికి వెళ్లొద్దు

కాంటెక్స్టును స్టాటిక్ ఫీల్డులో దాచి ఎక్కడినుంచైనా వాడుకునే కోడు చాలా ప్రాజెక్టుల్లో ఉంటుంది. స్ప్రింగ్ టెస్టులు కాంటెక్స్టులను డీఫాల్ట్‌గా 32 దాకా క్యాష్‌లో ఉంచుకుంటాయి. స్టాటిక్ ఫీల్డు మాత్రం ఒక్కటే, చివర తయారైనదే అందులో మిగులుతుంది. విడిగా నడిపితే పాసయ్యే టెస్టు, అన్నీ కలిపి నడిపితే ఫెయిలవుతోందంటే మొదటి అనుమానం దీనిమీదే. కంటైనర్ చేరలేని పాత లైబ్రరీ కోడుకి తప్ప దీన్ని వాడొద్దు.

ఇంకో రెండు సంగతులు. పోస్ట్‌కన్‌స్ట్రక్ట్‌లో గెట్‌బీన్‌తో అన్ని బీన్లనూ లాగకండి, అవతలి బీన్ మిమ్మల్నే ఎదురుచూస్తుంటే బీన్‌కరెంట్లీఇన్‌క్రియేషన్ ఎక్సెప్షన్ రావొచ్చు. అలాంటి పనికి స్మార్ట్‌ఇనిషియలైజింగ్‌సింగిల్టన్ ఉంది, దాని మెథడ్ సింగిల్టన్లన్నీ తయారయ్యాకే నడుస్తుంది. రెండోది, ప్రోటోటైప్ బీన్లకు కంటైనర్ డిస్ట్రాయ్ మెథడ్ పిలవదు. పేజ్‌బిల్డర్ ఫైలేదైనా తెరిస్తే మూయడం మీ బాధ్యతే.

అభ్యాసం: రిపోర్ట్‌సర్వీస్‌ని మూడు రకాలుగా రాయండి: అవేర్‌తో, కన్‌స్ట్రక్టర్‌లో కాంటెక్స్ట్‌తో, ఆబ్జెక్ట్‌ప్రొవైడర్‌తో. మూడింటికీ స్ప్రింగ్ నడపకుండా యూనిట్ టెస్టు రాసి, దేనికి ఎన్ని మాక్‌లు (నకిలీ ఆబ్జెక్టులు) కావలసి వచ్చాయో లెక్కపెట్టండి. వచ్చే పాఠం రిక్వెస్ట్ స్కోపు, దాని ప్రాక్సీల గురించి.