సెకండ్ హ్యాండ్ ఆల్ వీల్ డ్రైవ్ బండి కొనేవాళ్ళు మీటరు కంటే ముందు అడుగుభాగం చూడండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఎవరు సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్ళినా ముందు అడిగేది "ఎన్ని వేలు తిరిగిందండీ?" అనే. ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళగలిగే బండి విషయంలో దానికంటే ముందు అడగాల్సింది ఎక్కడ తిరిగింది, వానాకాలంలో ఎక్కడ ఆపేవారు అని. రొయ్యల చెరువు గట్ల మీద నలభై వేలు తిరిగిన బండి కంటే హైదరాబాద్, విజయవాడ హైవే మీద లక్ష దాటిన బండి చాలాసార్లు నయం. వాడుతున్నవాళ్ళని కదిపితే ఇంజన్ మీద ఫిర్యాదులు తక్కువే వస్తాయి, క్లచ్, ఏసీ లాంటివి ఏ బండికైనా ఉండేవే. జేబుకి చిల్లు పెట్టేది వెనక చక్రాలకి పవర్ తీసుకెళ్ళే సామాను: ముందు నుంచి వెనకదాకా తిరిగే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని మధ్యలో ఉండే బేరింగ్, ఆ పవర్‌ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె అయిన వెనక డిఫరెన్షియల్, దానికి ముందుండి పవర్‌ని కలిపి విడదీసే కప్లింగ్. మన దగ్గర అవి పాడయ్యేది ఎక్కువగా ఉప్పు వల్ల, బురద వల్ల, ఏళ్ళ తరబడి మార్చని ఆయిల్ వల్ల.

అసలు మీకది కావాలా అన్నది ముందు తేల్చుకోండి. రావులపాలెం నుంచి రాజమండ్రి, పాలకొల్లు నుంచి భీమవరం, ఇలా తారు రోడ్డు మీదే తిరిగేవాళ్ళకి మంచి టైర్లున్న మామూలు బండి చాలు, అదనపు బరువు, అదనపు డీజిల్, అదనపు రిపేర్లు ఎందుకు? రోజూ చెరువుల మీదికి వెళ్ళేవాళ్ళకి, లంకల్లో పొలాలున్నవాళ్ళకి, వాన పడితే పుంత రోడ్డు నల్లమట్టిలో దిగబడిపోయేవాళ్ళకి మాత్రం దీని విలువ తెలుస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోయి చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయని ఫోన్ వస్తే, ఆ వానలో గట్టు మీదికి చేరగలిగితేనే పంట దక్కుతుంది.

మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. పాత స్కార్పియో, థార్ లాంటి ఫోర్ బై ఫోర్‌లలో మనమే లివరో నాబో వేసుకోవాలి, అది వేసి పొడి తారు రోడ్డు మీద తిప్పకూడదు. రెండోది 2011లో వచ్చిన ఎక్స్‌యూవీ 500లోనూ, 2014లో వచ్చిన డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్‌లోనూ ఉన్న పద్ధతి. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి, అవి జారుతున్నాయని చక్రాల దగ్గరి సెన్సార్లు పసిగడితే కంప్యూటరు కప్లింగ్‌లోని క్లచ్ ప్లేట్లని బిగించి వెనక చక్రాలకీ పవర్ పంపుతుంది. నేను ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఈ రెండో రకం గురించే. ఈ డీజిల్ డస్టర్ 2020లో బీఎస్6 అనే పొగ నిబంధనలు రావడంతో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేది ఎంత కొత్త మోడల్ అన్నా కొన్ని వానాకాలాలు చూసేసిన బండే.

పగటిపూట వెళ్ళండి, లిఫ్ట్ ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళి పైకెత్తించండి. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. ముందుగా షాఫ్ట్ అసలు ఉందో లేదో చూడండి, ఎందుకంటే బేరింగ్ మోత పెడితే రిపేరుకి ఖర్చు పెట్టలేక షాఫ్ట్ విప్పేసి తిప్పేవాళ్ళున్నారు, బయటికి బండి మామూలుగానే నడుస్తుంది. అడుగున కొత్తగా నల్ల కోటింగ్ కొట్టించి ఉంటే మురిసిపోకండి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, లోపల తుప్పు పట్టి ఉంటే పెళ్ళలు రాలతాయి. మొగల్తూరు, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండ్లకి ఉప్పు గాలి ఒక పక్క, చెరువు నీళ్ళు ఒక పక్క తగులుతాయి, వాటి వెనక సస్పెన్షన్ బోల్టులు, బ్రేక్ పైపులు తప్పకుండా చూడాలి. డిక్కీ మ్యాట్ ఎత్తి స్టెప్నీ కింద చెయ్యి పెట్టి చూడండి. రొయ్యల ఐసు పెట్టెలు మోసిన బండైతే ఆ ఉప్పునీళ్ళు దిగేది అక్కడికే.

కప్లింగ్‌కి వెళ్ళే వైరు కనెక్టర్ విప్పించండి. పిన్నుల మీద ఆకుపచ్చ పొడి పట్టి ఉంటే నీళ్ళు దిగాయని అర్థం. నాకు తెలిసిన ఒక రొయ్యల రైతుకి కప్లింగే పోయిందని ఒక సర్వీస్ సెంటర్లో పెద్ద ఎస్టిమేట్ వేసి ఇచ్చారు, తీరా ఇంకో ఎలక్ట్రీషియన్ చూస్తే ఆ పిన్నులు తుప్పు తినేసి ఉన్నాయి, వైరింగ్ సరిచేస్తే బండి మళ్ళీ మామూలైంది. కాబట్టి డాష్‌బోర్డులో లైటు వెలిగిన ప్రతిసారీ పెద్ద ఖర్చని టెన్షన్ పడక్కర్లేదు. చక్రం దగ్గర బ్రేకుల కోసం ఉండే ఏబీఎస్ సెన్సార్‌కి బురద పట్టినా, దాని వైరు తెగినా కూడా ఆల్ వీల్ డ్రైవ్ ఆగిపోతుంది. తాళం తిప్పగానే ఆ లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాచిపెట్టారేమో అనుమానించండి, స్కానర్ పెట్టించి బండి కంప్యూటర్లో ఉన్న లోపాల కోడ్‌లు చూడండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ చెప్పేది వెనక డిఫరెన్షియల్ ఆయిల్. డిఫరెన్షియల్‌కి గాలి పీల్చుకోడానికి పైన ఒక సన్న గొట్టం ఉంటుంది. దూరం తిరిగి వేడెక్కిన బండి ఒక్కసారిగా కాలవ పొంగిన నీళ్ళలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి ఆ గొట్టంలోంచో సీల్ పక్కనుంచో నీళ్ళు లాక్కుంటుంది. అందుకే ప్లగ్ విప్పించి ఆయిల్ కళ్ళారా చూడాలి. మంచి ఆయిల్ తేనె రంగులోనో, వాడి ఉంటే నల్లగానో కిందికి జారుతుంది, నీళ్ళు కలిసింది మాత్రం పాలు ఎక్కువైన టీలా ఉంటుంది. ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద సన్నటి బూడిద రంగు ముద్ద కొద్దిగా ఉండడం సహజం. వేళ్ళ మధ్య నలిపితే గరుకుగా గుచ్చుకునే ముక్కలు తగిలాయంటే గేర్ల పళ్ళు అరుగుతున్నాయి, ఆ బండి వదిలేయండి. ఆయిల్ చూడనివ్వనంటే కొత్త ఆయిల్, శ్రమ అంతా మీ ఖర్చేనని చెప్పి చూడండి, నిజంగా బాగున్న బండైతే ఎవరూ కాదనరు.

టైర్ల దగ్గర మనవాళ్ళు చాలా తేలిగ్గా తీసుకుంటారు. ముందు రెండు అరిగాయి, రెండే మార్చుదాం అనడం మామూలు బండికి సరిపోతుంది గానీ దీనికి కాదు. కొత్త టైరు చుట్టుకొలత ఎక్కువ, అరిగినదాని చుట్టుకొలత తక్కువ, ఒకే వేగంలో కూడా ముందు, వెనక చక్రాలు వేర్వేరుగా తిరుగుతాయి, ఆ తేడా అంతా కప్లింగ్ భరించాలి. ముందు, వెనక టైర్ల గాడుల లోతులో సుమారు 2 మిల్లీమీటర్ల కంటే తేడా ఉన్నా, కంపెనీలు వేరైనా లోపల ఏం జరిగిందో ఆలోచించండి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, దగ్గరదగ్గర తేదీలవి అయితే ఆ ఓనరు బండి గురించి తెలిసి వాడాడని నేను నమ్ముతాను.

నడిపి చూడడం రెండు చోట్ల జరగాలి. మంచి రోడ్డు మీద 60 నుంచి 80 వేగంలో గేరు తీసేసి వదిలితే కింద గుమ్మని మోత వస్తే బేరింగో డిఫరెన్షియలో అనుకోవాలి, సీటు కింద అదురు వస్తే షాఫ్ట్ బ్యాలెన్స్. తర్వాత ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఆల్ వీల్ డ్రైవ్‌ని ఆటోలోనే (అవసరమైతేనే వెనక చక్రాలకి పవర్ వెళ్ళేలా) ఉంచి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, తడబడుతూ, పట్టి వదులుతున్నట్టు వెళితే కప్లింగ్ తేడాగా ఉంది. ఇక అసలు పరీక్ష బురదలో. తడిసిన పుంతలోనో ఇసుకలోనో లాక్ (వెనక చక్రాలకీ పవర్ వెళ్తూనే ఉండేలా) పెట్టి నెమ్మదిగా కదిలించండి, తోడు వచ్చినవాళ్ళని పక్కన దూరంగా నిలబెట్టి వెనక చక్రాలు తోస్తున్నాయా, ముందువే ఊరికే తిరుగుతున్నాయా చూడమనండి.

వరదలో మునిగిన బండి సంగతి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలే మునిగాయి. ఆ రోజుల్లో బండి ఎక్కడుందో సూటిగా అడగండి. సీటు బెల్టు చివరిదాకా లాగితే మురికి గీత, సీటు పట్టాల మీద తుప్పు, ఫ్యూజ్ బాక్సు మూలల్లో సన్నటి ఒండ్రు, ఏసీ వేయగానే తేమ వాసన, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వద్దు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర కూడా అడిగి తీసుకోండి.

కాగితాల విషయం క్లుప్తంగా చెప్తాను. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు తీరిందని చూపే ఫారం 35, పేరు బదిలీకి ఫారం 29, 30. ఢిల్లీ నుంచి వచ్చే పాత డీజిల్ బండ్లు చవకగా కనిపిస్తాయి, అడుగుభాగం కూడా మన తీరం బండ్ల కంటే చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది, కానీ అక్కడి ఎన్ఓసీ, ఇక్కడ మళ్ళీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలుపుకుంటేనే అసలు ధర తెలుస్తుంది. యానాం నంబరు బండికీ అంతే, ఆంధ్రలోనే ఉంచుకుని 12 నెలలు దాటి వాడితే ఇక్కడ రిజిస్టర్ చేయించాలి.

కొన్నాక మొదటి వారంలోనే డిఫరెన్షియల్, ముందువైపు గేర్‌బాక్సు పక్కనుండి పవర్‌ని షాఫ్ట్‌కి మళ్ళించే ట్రాన్స్‌ఫర్ యూనిట్ రెండింటి ఆయిల్ మార్పించండి, పాత ఓనరు మార్చానన్నా సరే. చెరువు గట్టు మీంచి వచ్చిన రోజు అడుగున మంచినీళ్ళతో కడగండి, నల్లమట్టి ఎండితే యాక్సిల్ రబ్బరు బూట్లని కోసేస్తుంది. ఇసుకలో చాలాసేపు గుంజితే కప్లింగ్ వేడెక్కి తనంతట తనే వెనక చక్రాలని వదిలేస్తుంది, పాడైందని కంగారుపడకుండా ఇంజన్ ఆపి చల్లబడనివ్వండి. బండి మొరాయిస్తే రెండు చక్రాలు గాల్లోకి లేపి ఈడ్చుకెళ్ళే టోయింగ్ వద్దు, కింది చక్రాలు తిరిగి కప్లింగ్ కాలిపోయే ప్రమాదం ఉంది, బండి మొత్తం ఎక్కించుకుని వెళ్ళే ఫ్లాట్‌బెడ్‌కే ఫోన్ చేయండి.