జిగ్సా ఎగురుతోందా? మిషన్ విప్పకముందు చెక్క కింద చూడండి

జిగ్సా, అంటే సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్క కోసే చేతి మిషన్, ఎలా పట్టుకోవాలో, బ్లేడు ఎలా బిగించాలో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా. నా దగ్గరికి మిషన్ పట్టుకొచ్చే కుర్రాళ్లు చాలామంది చెప్పేది ఒకటే మాట: "అన్నా, కోస్తుంటే ఎగిరెగిరి పడుతోంది, లోపల ఏదో పోయినట్టుంది." విప్పి చూస్తే లోపల అంతా బాగానే ఉంటుంది. తప్పు చెక్క కింద ఉంటుంది, అక్కడ మాత్రం ఎవరూ చూడరు.

ఏది చూడాలన్నా ముందు ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే సరిపోదు. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి.

సమస్య: మిషన్ ఎగురుతోంది, చెక్క దడదడ కొట్టుకుంటోంది

మొదట రెండు చూడండి. బేస్ ప్లేట్ (మిషన్ అడుగున ఉండే చదును రేకు) మొత్తం చెక్క మీద ఆనుతోందా? కోయాల్సిన గీతకు దగ్గర్లో చెక్కకు ఆధారం ఉందా? మామూలు జిగ్సా బ్లేడు పళ్లు పైకి చూస్తుంటాయి, అంటే పైకి వెళ్లేటప్పుడు కోస్తుంది, కోస్తూ చెక్కను కూడా తనతో పైకి లాగుతుంది. ప్లై రెండడుగులు గాల్లో వేలాడుతుంటే ఊగక ఏమవుతుంది? సి-క్లాంపులు (చెక్కను కదలకుండా పట్టే మర బిగింపులు) రెండు బిగించండి, గీతకు దగ్గరగా. కాలితో తొక్కి పట్టుకుంటే బిగించినట్టు కాదు.

అయినా ఎగురుతోందంటే బ్లేడు మొన ఎక్కడికి వెళ్తోందో చూడండి. అసలు మోసం ఇక్కడే జరుగుతుంది, ఒక్కో సైట్‌లో దీనికోసం కొత్త బ్లేడ్లు వరసగా విరగ్గొట్టి చివరికి మిషనే మార్చేస్తారు.

మన సైట్లలో పని ఎలా నడుస్తుందో తెలుసు కదా. టేబుల్ ఉండదు, నేల మీదే రెండు రీపర్ ముక్కలు (సన్న చెక్క పట్టీలు) వేసి వాటి మీద ప్లై పడుకోబెట్టి కోసేస్తారు. 100 మి.మీ. బ్లేడు పెడితే 18 మి.మీ. ప్లై దాటి కింద ఎంత దిగుతుందో పైనుంచి కనిపించదు. మొదలుపెట్టినప్పుడు అంచు బయటకు ఉంటుంది కాబట్టి వెన్నలా కోస్తుంది. కాస్త లోపలికి వెళ్లాక మొన రీపర్‌కో, నేలకో తగులుతుంది, తగిలిన ప్రతిసారీ మిషన్‌ను పైకి తోస్తుంది. మనవాడు ప్లైలో గట్టి ముడి వచ్చిందనుకుని ఇంకా బలంగా నొక్కుతాడు. బ్లేడు వంగుతుంది, కోత పక్కకు పోతుంది, చివరికి విరుగుతుంది. ప్లై ఎత్తి నేల చూడండి, టైల్ మీద సన్నటి గాట్లు వరసగా గీత వెంబడే ఉంటాయి. బ్లేడు మొన చూడండి, అక్కడ రంగు పోయి, మొద్దుబారి, ఒక పక్కకు వాలి ఉంటుంది. అది కనిపిస్తే మిషన్ విప్పే పని లేదు, ప్లై కింద మూడంగుళాలు ఖాళీ ఉండేలా ఎత్తు పెట్టండి, రీపర్లు గీతకు అడ్డం రాకుండా జరపండి.

దీనికి తలకిందుల కేసు ఇంకోటి ఉంది, ఎగరడం మాత్రం అచ్చం అలాగే ఉంటుంది. చెక్క మందంగా ఉండి బ్లేడు పొట్టిగా ఉంటే, పైకి వెళ్లినప్పుడు మొన చెక్కలోకి దూరిపోతుంది. మళ్లీ దిగేటప్పుడు పొట్టు నిండిన ఆ సందులో గుద్దుకుంటుంది. విరిగిన బ్లేడు ముక్కనే మళ్లీ బిగించి పని కానిచ్చేవాళ్లకు ఇది ఎక్కువ. బ్లేడు స్ట్రోకు, అంటే పైకీ కిందికీ ఆడే దూరం, చాలా మిషన్లలో 20 మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది, ఆ మేరకు బ్లేడు పైకి పోతుందని లెక్కలో పెట్టుకోవాలి. బ్లేడు పూర్తిగా పైకి వెళ్లినప్పుడు కూడా బేస్ ప్లేట్ కింద కనిపించే పొడవు, చెక్క మందం కన్నా అరంగుళం ఎక్కువ ఉండాలి. మిషన్ గాల్లో పట్టుకుని ఒక్క క్షణం నొక్కి వదలండి, బ్లేడు ఆగాక ప్లగ్ పీకి కొలవండి. ఆగే చోటు ప్రతిసారీ మారుతుంది కాబట్టి కొన్నిసార్లు చేసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొలత తీసుకోండి. టేకు గుమ్మం చెక్కలాంటి వాటికి 150 మి.మీ. పొడవు బ్లేడ్లు కూడా దొరుకుతాయి.

ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. మిషన్ ఎగరగానే ఎవరైనా చేసే పని, ప్లై ఊగకుండా ఎడమ చేత్తో అడుగునుంచి పట్టుకోవడం. ఒక ఇంట్లో టీవీ యూనిట్‌కు వైర్ల కన్నం కోస్తున్న కుర్రాడు అలాగే పట్టుకున్నాడు, బొటనవేలు పైన, నాలుగు వేళ్లు కింద. పెన్సిల్ గీత నేరుగా ఆ వేళ్ల దగ్గరికే వస్తోంది. పైనుంచి చూసే అతనికి వేళ్లూ కనపడవు, కింద ఆడుతున్న బ్లేడూ కనపడదు. నేను పరుగెత్తి ప్లగ్ పీకాను. చెక్క కిందికి చెయ్యి పోకూడదు, అంతే. పట్టుకోవాల్సి వస్తోందంటే క్లాంప్ చాలలేదని అర్థం.

సమస్య: కోత పైన సూటిగా, కింద వంకరగా వస్తోంది

బ్లేడు వీపు, దాని వెనక ఉన్న రోలర్ గాడిలో కూర్చుందో లేదో చూడండి. కూర్చుంటే, మీరు పక్కకు తోస్తున్నారు, లేదా బ్లేడు మొద్దుబారింది. పూజ మందిరం తలుపుల్లో చిన్న చిన్న వంపులు కోయడానికి వెడల్పు బ్లేడు పనికిరాదు, సన్న బ్లేడు వేయండి.

సమస్య: బ్లేడు ఊడిపోతోంది

షాంక్ అంటే బ్లేడును మిషన్‌లో బిగించే కొస, అది టి ఆకారంలోనో యు ఆకారంలోనో ఉంటుంది. టి-షాంక్ బ్లేడు క్లాంప్‌లో యు-షాంక్ బ్లేడు పెట్టి ఉంటారు. అది కాకపోతే క్లాంప్‌లో పొట్టు ఇరుక్కుంది, బ్రష్‌తో దులపండి. బిగించాక కిందికి ఒకసారి లాగి చూడండి. ఇప్పుడే కోసిన బ్లేడు కాలుతుంది, చేత్తో పట్టుకోకండి.

సమస్య: మైకా అంచులు పెచ్చులు లేస్తున్నాయి

పళ్లు పైకి కోస్తాయి కాబట్టి పైనున్న ముఖమే చెడుతుంది. వెనక వైపు గీసుకుని, మైకా కిందికి పెట్టి కోయండి. పళ్లు కిందికి ఉండే రివర్స్ బ్లేడు కూడా ఉంది, కానీ అది మిషన్‌ను పైకి తోస్తుంది, గట్టిగా నొక్కి పట్టాలి. ఆర్బిటల్ (బ్లేడును ముందుకూ వెనక్కూ కూడా ఊపే సెట్టింగ్) సున్నా మీద ఉంచండి.

సమస్య: ప్లగ్ పెట్టగానే మిషన్ తనంతట తానే తిరిగింది

కోస్తుండగా కరెంటు పోయింది, లాక్ బటన్ (ట్రిగ్గర్ వదిలినా మిషన్ నడిచేలా పట్టి ఉంచేది) నొక్కే ఉంది, మిషన్ అలాగే కింద పెట్టి టీకి వెళ్లారు. కరెంటు రాగానే అది నేల మీద గంతులేస్తుంది. కరెంటు పోయిన వెంటనే ట్రిగ్గర్ ఒకసారి నొక్కి లాక్ వదిలించండి, ప్లగ్ పీకండి. చిన్న చిన్న కోతలకు అసలు లాక్ వాడకండి.

కార్బన్ బ్రష్‌లు (మోటారుకు కరెంటు అందించే బొగ్గు ముక్కలు), గేరు అరగడం, బేరింగ్ పోవడం లాంటివి ఉంటాయి గానీ అరుదు. చెక్క లేకుండా ఖాళీగా తిప్పినా అదే మోత, అదే ఊపు ఉంటే మెకానిక్ దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు మీరు వాడిన బ్లేడు కూడా పట్టుకెళ్లండి.