ఉపగ్రహ చిత్రాల్లో పాత కట్టడాల జాడ పట్టడం

గూగుల్ ఎర్త్ ప్రోలో ముందు తెరవాల్సింది పాత చిత్రాల స్లైడర్. ఇప్పటి చిత్రంలో ఏమీ లేని పొలంలోనే, వానలు ముఖం చాటేసిన ఏడాది చిత్రంలో గోడల గీతలు తేలతాయి. కిటుకంతా నేల తేమలో ఉంది. పూడిపోయిన రాతి గోడ మీద మట్టి పలచన. పైరు పొట్టిగా ఉండి ముందే పసుపెక్కుతుంది. పూడిన కందకం మీద తేమ నిలిచి ఏపుగా, ముదురాకుపచ్చగా పెరుగుతుంది. గోధుమ, బార్లీ చేలల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు ఉచితమే గానీ ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు. మీటరు మందం గోడ అందులో దొరకదు. పైరు ఏ నెలలో వాడిందో చూసుకోవడానికైతే చాలు.

లంబకోణాలు, వలయాలు వెతకండి. పైపులైను తవ్విన గీతలు, ట్రాక్టర్ చాళ్లు కూడా అచ్చం అలాగే మోసం చేస్తాయి. వేర్వేరు సంవత్సరాల్లో అదే చోట కనిపిస్తేనే గుర్తు పెట్టి, కేఎంఎల్ ఫైలుగా (గుర్తుపెట్టిన చోట్లను దాచే గూగుల్ ఎర్త్ ఫైలు) దాచుకోండి. పాత పటాన్ని చిత్రం మీద ఓవర్‌లేగా, అంటే పైపొరగా పరిస్తే, ఆమధ్య చెరిపేసిన గట్లేవో బయటపడతాయి.

చాలా దేశాల్లో భూయజమాని ఒప్పుకున్నా ప్రభుత్వ అనుమతి లేకుండా తవ్వకూడదు. రక్షిత స్థలమైతే మెటల్ డిటెక్టర్ ఇంట్లోనే పెట్టి, కోఆర్డినేట్లు పురావస్తు శాఖకు పంపండి.