పొట్టేలు కలిసిన రోజు నుంచి పిల్ల పుట్టే దాకా: చూడి గొర్రెను ఎలా సాకాలి?

అనంతపురం పల్లెల్లో జులైలో పొట్టేలును మందలోకి వదిలితే, వేరుశనగ కట్టె (కాయలు తీసేసిన ఎండు మొక్కల మేత) ఇంటికి చేరాక నవంబరు చివరిలో ఈతలు మొదలవుతాయి. గొర్రె చూడి కాలం సుమారు 147 రోజులు. ఈ రోజులన్నిటికీ ఒకే తీరు మేత పెట్టడం కంటే, కడుపులో ఏ దశలో ఏం జరుగుతోందో తెలుసుకుని సాకడం మేలు.

1. పొట్టేలును వదలడానికి రెండు మూడు వారాల ముందు నట్టల మందు తాగించి, రోజుకు 200 గ్రాముల దాకా జొన్నలు గానీ సజ్జలు గానీ పెట్టాలి. ఒంట్లో సత్తువ ఉంటే విడుదలయ్యే అండాల సంఖ్య పెరుగుతుంది.

2. పొట్టేలు రొమ్ముకు నూనెలో కలిపిన ఎర్రమన్ను పూయాలి. అది ఎక్కిన గొర్రె వెనుక భాగాన మరక పడుతుంది కనుక ఆ తేదీని రాసుకోవచ్చు. గొర్రె 17 రోజులకొకసారి ఎదకు వస్తుంది కాబట్టి, పదహారో రోజున రంగు మార్చితే, కొత్త రంగు అంటిన గొర్రె చూలు కట్టలేదని తెలుస్తుంది.

3. మొదటి నెల అత్యంత సున్నితమైనది. ఫలదీకరణం అండవాహికలో జరుగుతుంది. పిండం మూడు నాలుగు రోజులకు గర్భాశయం చేరి, కొన్నాళ్లు దేనికీ అంటుకోకుండా అక్కడే తేలియాడుతుంది. రెండో వారం చివరికి అది దారంలా సాగి, తన ఉనికిని తల్లికి తెలిపే ఒక ప్రొటీనును విడుదల చేస్తుంది. ఆ కబురు అందకపోతే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. గర్భాశయాన్ని అంటుకోవడం పదహారో రోజు ప్రాంతంలో మొదలవుతుంది. నెల తిరిగేసరికి గుండె కొట్టుకుంటూ ఉంటుంది గాని, పిండం అంగుళమైనా ఉండదు. అవయవాలు రూపు దిద్దుకునే ఈ రోజుల్లో ఆల్బెండజోల్ అనే నట్టల మందు తాగించకూడదు, ఎండలో దూరం తోలకూడదు, లారీ ఎక్కించకూడదు.

4. రెండు, మూడు నెలల్లో పిల్ల కంటే, దానికి తల్లి నుంచి ఆహారం అందించే మాయే ఎక్కువగా పెరుగుతుంది. తల్లి చిక్కిపోకుండా చూసుకుంటే మామూలు మేపు సరిపోతుంది.

5. చివరి ఆరు వారాల్లోనే పిల్ల పుట్టుక బరువులో సుమారు 70 శాతం చేరుతుంది. అదే సమయంలో గర్భాశయం పెరిగి పొట్టలో మేతకు చోటు తగ్గుతుంది. అందుకే కట్టెతో పాటు దాణా కొద్దికొద్దిగా, రోజుకు రెండు పూటలా పెట్టాలి. కవల పిల్లలున్న గొర్రె మేత మాని, మందకు దూరంగా మందకొడిగా నిలబడితే, ఒంట్లోని కొవ్వు కరిగి విషమవుతోందని అనుమానించి అదే రోజు పశువైద్యునికి చూపించాలి. ఈతకు నాలుగు వారాల ముందు చిటుక రోగం టీకా వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకు అందుతుంది.

6. ఈనే గడియను నిర్ణయించేది తల్లి కాదు, పిల్ల. దాని మూత్రపిండం పక్కనుండే అడ్రినల్ గ్రంథి నుంచి పెరిగే కార్టిసాల్ అనే హార్మోను నొప్పులను మొదలుపెట్టి, ఊపిరితిత్తులను గాలికి సిద్ధం చేస్తుంది. న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగ్గిన్స్ ఈ సంగతిని గొర్రెలలోనే పరిశోధించి 1969లో ప్రకటించారు. నెలలు నిండని శిశువుల ఊపిరితిత్తుల కోసం తల్లులకు ఇచ్చే ఇంజెక్షన్‌కు దారి అక్కడే పడింది. ఉమ్మనీటి సంచి కనిపించాక రెండు ముందుకాళ్ల గిట్టలు, వాటిపై ఆనించిన ముక్కు రావాలి. గట్టిగా ముక్కుతున్నా అరగంటలో ముందుకు సాగకపోతే, లేదా ఒకే కాలు కనిపిస్తే, లాగకుండా వైద్యుణ్ని పిలిపించాలి.

7. పిల్ల ముక్కు తుడిచి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్ది, తల్లిని నాకనివ్వాలి. గొర్రె మాయ గుండా రోగనిరోధక పదార్థాలు పిల్లకు చేరవు కనుక గంటలోపే ముర్రుపాలు తాగించాలి. మాయ కొన్ని గంటల్లో దానంతటదే పడుతుంది. దాని మీద ఎర్రటి గుండీల్లాంటి బొడిపెలు పదుల సంఖ్యలో కనిపిస్తాయి, పిల్లకు ఆహారం అందింది వాటి గుండానే. వేలాడే మాయను చేత్తో లాగకూడదు, పడినదాన్ని కుక్కలకు అందకుండా లోతుగా పూడ్చాలి. మరునాటికీ పడకపోతే వైద్యుని అవసరం ఉంది.